కళ్ళు మూసుకుని కొన్న కెమెరా

కూర్మయ్యకి కళ్ళు రెండూ శుభ్రంగా పనిచేస్తాయి. బస్సు నంబరు అందరికన్నా ముందు ఆయనే చదువుతాడు. చేపలబజార్లో మొప్పలకి రంగు పూసిన చేపని పది గజాల దూరం నుంచే పట్టేస్తాడు. కానీ ఏదైనా ఖాయంగా తెలుసుకోవాల్సి వస్తే మటుకు ఆ కళ్ళు మూసేసుకుంటాడు. భార్య నారాయణమ్మకి చీర కొనడానికి వెళ్ళినా అంతే. కొట్లో కళ్ళు మూసుకుని, కొంగు వేళ్ళ మధ్య నలిపి, "ఇది నేదు, ఆ కిందది తియ్యి" అంటాడు. కొట్టువాడు ఈయన పొద్దున్నే పుచ్చుకుని వచ్చాడనుకుంటాడు. నారాయణమ్మ పక్కకి తిరిగి, ఈ మనిషెవరో తనకి తెలీనట్టు ఎదురు కొట్లో గాజులు చూస్తూ నిలబడుతుంది.

ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని అలాంటిది మరి. శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డు పల్లె నుంచి పదిహేడేళ్ళ వయసులో మేనమామ వెంట కలకత్తా వచ్చాడు. రేవులో కొన్నాళ్ళు బస్తాలు మోశాడు. ఓ రోజు ఎవరిదో గొలుసు నీళ్ళలో పడిపోతే ఊపిరి బిగబట్టి దిగి తెచ్చి ఇచ్చాడు. ఆ మర్నాటి నుంచి డుబురీ అయిపోయాడు. గార్డెన్ రీచ్ దగ్గర గంగలో దిగి ఓడల అడుగులూ, జెట్టీల స్తంభాలూ బాగున్నాయో లేదో చూసి వచ్చి చెప్పడమే డుబురీ పని. మ్యాపులో ఆ నదిని హుగ్లీ అంటారు. అక్కడ మాత్రం అందరికీ గంగే.

చూసి వచ్చి చెప్పడం అన్నాం గానీ ఆ నీళ్ళలో చూపు అనే మాటే లేదు. జానెడు దిగితే గోధుమరంగు, మూరెడు దిగితే చీకటి. మాస్కు పెట్టుకునేది ముక్కులోకి నీళ్ళు పోకుండా ఉండటానికే. అక్కడ చూసేవి వేళ్ళు. గుల్లలు ఎక్కడ అంటుకున్నాయి, తుప్పు ఎంత లోతుకి తిన్నది, అతుకు ఎక్కడ విడిపోయింది, అన్నీ వేళ్ళే చదవాలి. ఊపిరికి పైన పంపు నుంచి నోటికో రబ్బరు గొట్టం ఉంటుంది; ఆ పక్కనే బావమరిది పోలిరాజు తాడు పట్టుకుని నిలబడతాడు. తాడు ఒకసారి లాగితే బాగున్నానని, మూడుసార్లు లాగితే పైకి తియ్యమని. పోలిరాజుకి ఈత రాదు. ఆ సంగతి రేవులో అందరికీ తెలుసు, పోలిరాజు మాత్రం ఎవరికీ తెలీదనుకుంటాడు.

తొంభై ఆరులో, పూజలు అయిపోయి పందిళ్ళ వెదుళ్ళు ఇంకా రోడ్డు పక్కనే పడున్న రోజుల్లో, ఒక ప్రైవేటు జెట్టీ కింద మూడో నంబరు స్తంభానికి కూర్మయ్య చేతికి చిల్లు తగిలింది. చిన్నదేం కాదు. చెయ్యి పెడితే మణికట్టు దాకా దూరింది. పైకొచ్చి, ఒళ్ళు తుడుచుకోకుండానే ఇంజనీరు సాన్యాల్ బాబు దగ్గరికెళ్ళి చెప్పాడు. కూర్మయ్య చెప్పింది బెంగాలీలోనే గానీ, ఆ బెంగాలీకి యాస శ్రీకాకుళానిది.

"బాబూ, మూడో నంబరు పోయింది. అంచులు ముట్టుకుంటే బిస్కత్తులా ఇరిగిపోతన్నాయి. పైన క్రేను నడస్తంది, మనుషులు పని సేస్తన్నారు. ఆపించండి."

సాన్యాల్ బాబుకి ముప్పై నిండలేదు. చెడ్డవాడు కాడు. కాకపోతే ఫైలంటే భయం. గంగ అంటే ఇంకా భయం. తనకన్నా పెద్దవాడని కూర్మయ్యని కూర్మదా అని, అన్నా అన్నట్టు పిలుస్తాడు. ఆయన బీరువాలోంచి ఒక నీలం ఫైలు తీశాడు.

"చూడు కూర్మదా, వేసవిలో బయటి ఊరి నుంచి వీడియో కెమెరాతో మనుషులొచ్చి చూసి వెళ్ళారు కదా. అన్ని స్తంభాలూ బాగున్నాయని రాశారు. ఆ క్యాసెట్టు నేనూ చూశాను."

"అందులో ఏటి కనబడింది బాబూ?"

సాన్యాల్ బాబు కొంచెం ఆలోచించాడు. "నీళ్ళు కనబడ్డాయి."

"మరి స్తంభం?"

"స్తంభం బాగుందని కింద రాశారు."

కూర్మయ్య తన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. వేళ్ళ సందుల్లో తుప్పు ఇంకా ఎర్రగానే ఉంది. సాన్యాల్ బాబు ఆ చెయ్యి వైపు జాలిగా చూశాడు. ఆ జాలే కూర్మయ్యని మండించింది.

"చెయ్యి సాక్ష్యం కాదు కూర్మదా. నలభై దాటాయి నీకు, వేళ్ళు మొద్దుబారతాయి, తప్పేం కాదు. నెలాఖరుకి నా రిపోర్టు పైకి వెళ్ళాలి. ఫోటో ఉంటే పట్టుకురా, చిల్లు అని రాస్తాను. లేకపోతే వచ్చే నెల నుంచి నువ్వు పైన తాడు పట్టుకో, నీళ్ళలోకి కుర్రాళ్ళు దిగుతారు."

వెనకే వచ్చిన పోలిరాజు ఆ మాట విని రెండడుగులు వెనక్కి వేశాడు. బావ తాడు పట్టుకుంటే తనకి మిగిలేది నీళ్ళే కదా అనుకున్నాడు. కూర్మయ్య మటుకు తుండుగుడ్డ భుజాన వేసుకుని, "తెస్తాను" అని ఒక్కమాట అని బయటికొచ్చేశాడు.

గేటు దగ్గర యూనియన్ మనిషి ఎదురై సంగతి విన్నాడు. ఎర్రజెండాలు సిద్ధంగానే ఉన్నాయి, సాయంత్రం ఊరేగింపు పెడదామన్నాడు.

"ఊరేగింపు మూడో నంబరు దాకా దిగుతాదేటి దాదా?" అన్నాడు కూర్మయ్య. "నా సెయ్యి అబద్ధమాడిందన్నాడు. జవాబు నా సెయ్యే సెప్పాల."

ఇంట్లో నారాయణమ్మ మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర నుంచి తెచ్చుకున్న చొక్కాలకి గుండీలు కుడుతోంది. విషయం విని సూది చొక్కాలోనే వదిలేసింది.

"నీటిలో ఫోటో తీసే కెమెరానా? మావా, మన పెళ్ళికే ఫోటో నేదు."

"పెళ్ళి అయిందంటే ఎవడూ కాదన్నేదు కదే" అన్నాడు కూర్మయ్య.

బోనసు డబ్బు ఎక్కడ దాచిందో ఆవిడకే తెలుసు. తీసి ఇచ్చింది. ఇస్తూ ఇస్తూ, "కొట్లో కళ్ళు మూసుకోకు, పరువు తీసుకోకు" అని కూడా చెప్పింది.

మర్నాడు కూర్మయ్య తెల్లచొక్కా వేసుకుని ధర్మతల్లాలో ఒక పెద్ద కెమెరా కొట్టుకి వెళ్ళాడు. చంకలో ఊరగాయ జాడీ ఉంది. అందులో గంగనీళ్ళు. ఆయన లెక్క ప్రకారం అది చాలా తెలివైన పని. చెప్పులు కొనేవాడు కాలు తీసుకెళ్ళడా? నీళ్ళ కెమెరా కొనేవాడు నీళ్ళు తీసుకెళ్ళాలి.

కొట్టు యజమాని అద్దాల బీరువాలోంచి పసుపుపచ్చ కెమెరా ఒకటి తీశాడు. నిగనిగలాడుతోంది. డబ్బా మీద నీలం సముద్రం, చారల చారల చేపలు.

"అండమాన్ వెళ్తున్నారా?"

"నేదు. మూడో నంబరు స్తంభానికి."

అది ఏ ద్వీపమో యజమానికి అర్థం కాలేదు. కూర్మయ్య జాడీ మూత తీసి బల్ల మీద పెట్టాడు. "గంగనీళ్ళు. ఇందులోంచి అవతల పెట్టిన నా ఏలు ఫోటోలో పడాల. పడితే కొంటాను."

గంగ అన్న మాట చెవిన పడగానే యజమాని చెప్పులు విడిచాడు. రెండు వేళ్ళు జాడీలో ముంచి నెత్తిన చల్లుకున్నాడు, గల్లాపెట్టె మీద చల్లాడు, చివరికి ఆ పసుపు కెమెరా మీద కూడా రెండు చుక్కలు వేశాడు. గుమస్తాలు ఇద్దరూ వచ్చి తలా చుక్క పుచ్చుకున్నారు. వేలి సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

కూర్మయ్య ఓర్చుకుని కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. నారాయణమ్మ చెప్పింది గుర్తుంది, కానీ అలవాటు మాట వినదు కదా. కళ్ళు మూసుకుని మొత్తం తడిమాడు. సబ్బుముక్కలా అంతా నున్నగా ఉంది. బొత్తాలు కందిగింజలంత. ఏది నొక్కితే ఏదవుతుందో వేలికి చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. వెనక పెద్ద కిటికీ, అందులోంచి చూసి తియ్యాలట.

"కనబడదు" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

కొట్లో అందరూ ఆయన మూసిన కళ్ళ వైపు తిరిగారు. యజమాని గొంతు ఒక్కసారిగా మెత్తబడింది, అంతకి మూడింతలు పెరిగింది కూడా. కళ్ళులేనివాళ్ళకి చెవులు కూడా ఉండవని చాలామంది అభిప్రాయం. "దాదా! మీరు! ఇలా! కూర్చోండి!" అని కూర్మయ్య చెవిలో అరిచాడు. కొనడానికొచ్చిన ఒక ముసలాయన, పాపం, చెయ్యి పట్టుకుని, "బస్సు దాకా నేను దింపుతాను" అన్నాడు. నాకు కళ్ళున్నాయని చెప్పే సమయం అప్పటికే దాటిపోయిందని కూర్మయ్యకి తోచింది. ఇప్పుడు తెరిస్తే మోసగాడవుతాడు. అందుకని కళ్ళు గట్టిగా మూసుకునే, చంకలో జాడీతో, ముసలాయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాడు, బస్సెక్కాడు. ఒకావిడ లేచి సీటిచ్చింది. ఆవిడ దిగిపోయాక కళ్ళు తెరిచి చూస్తే బస్సు దమ్‌దమ్ వైపు పోతోంది.

ఇంటికొచ్చి ఈ ముక్క ఒక్కటీ చెప్పలేదు. "కొట్టు మూసేశారు" అన్నాడు. జాడీలో నీళ్ళు సగానికి ఎందుకు తగ్గాయని నారాయణమ్మ అడిగితే, ఎండకి అన్నాడు.

అంతటితో మానేసేవాడైతే కూర్మయ్య గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. మూడో రోజు ఖిదిర్‌పూర్ వెళ్ళాడు. అక్కడ ఒక సందులో హాషిం భాయ్ ఓడల మీద నుంచి దిగిన పాత సామాను అమ్ముతాడు. ఈసారి జాడీ పట్టుకెళ్ళలేదు. వెళుతూనే, కూర్చోకుండానే చెప్పేశాడు.

"భాయ్, ముందే సెప్తన్నాను. నాకు కళ్ళున్నాయి. కానీ కళ్ళు మూసుకునే సూస్తాను. నవ్వితే ఎల్లిపోతాను."

హాషిం భాయ్ నవ్వలేదు. లోపలి నుంచి నల్లటి కెమెరా ఒకటి తెచ్చి పెట్టాడు. ఇటుకంత బరువు, మూలలు గీసుకుపోయి ఉన్నాయి. ముందు కటకానికి జానెడు దూరంలో ఇనపతీగ చట్రం ఒకటి బిగించి ఉంది, చిన్న కిటికీలా. పక్కన కొమ్మలా పొడుచుకొచ్చిన కడ్డీకి ఫ్లాషు.

"దీంతో చూసి తీసే పని లేదు మియా. ఈ చట్రం వస్తువుకి ఆనించు. ఆనిందా, నొక్కు. చట్రంలో ఎంత పడితే ఫోటోలో అంతే పడుతుంది. దూరం అదే చూసుకుంటుంది. షోకుకి కొనేవాళ్ళెవరూ దీన్ని ముట్టుకోరు, చేపలు పారిపోతాయట."

"స్తంభం పారిపోదు" అన్నాడు కూర్మయ్య.

కళ్ళు మూసుకున్నాడు. నొక్కే మీట బొటనవేలంత ఉంది. తిప్పే చక్రానికి పళ్ళున్నాయి, ఎన్ని పళ్ళు తిరిగిందో వేలు లెక్కపెట్టుకోవచ్చు. వెనక మూత తీసి, నీళ్ళు రాకుండా అడ్డుపడే రబ్బరు చుట్టు మీద చూపుడువేలు నెమ్మదిగా పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు.

"ఇక్కడ ఎంట్రుక ఉంది."

హాషిం భాయ్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. కనబడలేదు. లైటు దగ్గరికి పట్టుకెళ్ళి చూశాడు. నెరిసిన వెంట్రుక ఒకటి రబ్బరుకి అంటుకుని ఉంది, తన గడ్డానిదే. అది ఉండగా నీళ్ళలో దింపితే కెమెరా గంగపాలయ్యేది. ఆయన కళ్ళజోడు తీసి కూర్మయ్య చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఈ వేళ్ళు మొద్దుబారాయన్నవాడెవడు?" అని అడిగి, టీ తెప్పించాడు. బేరం రెండు కప్పులతో కుదిరిపోయింది.

మొదటి రీలు గురించి తక్కువ చెప్పుకోవడమే మర్యాద. చిల్లు దగ్గరికి దిగాడు, చట్రం ఆనించాడు, ముప్పై ఆరుసార్లు నొక్కాడు. స్టూడియోవాడు కవరు చేతికిస్తూ, "దాదా, ఫిల్ము మంచిదే, కడగడం కూడా బాగానే కడిగాను. మరి మీరు టీలో తీశారా?" అన్నాడు. ముప్పై ఆరు ఫోటోలూ ఒకటే రంగు. పోలిరాజు వాటిని పేకముక్కల్లా పరిచి, "బావా, ఇందులో ఏది తల, ఏది తోక?" అన్నాడు. వాడి వీపు మీద ఒకటి పడింది గానీ, ప్రశ్న న్యాయమైనదే. జానెడు దూరమంటే జానెడు బురద. ఫ్లాషు ఆ బురదకే వెలుగునిచ్చింది.

నెలాఖరు అయిదు రోజుల్లోకి వచ్చేసింది. ఆ సాయంత్రం కూర్మయ్య అన్నం కలిపి వదిలేశాడు. తాడు పట్టుకుని ఒడ్డున నిలబడ్డ తన బొమ్మ ఆయనకి ముప్పై ఏడో ఫోటోలా స్పష్టంగా కనబడుతోంది.

"తినవేటి?" అంది నారాయణమ్మ.

"గంగ అడ్డుపడతందే."

ఆవిడకి ఒళ్ళు మండింది. "గంగ నీ కోసం తెల్లబడాలేటి? అంత సోకైతే మన కుళాయినీళ్ళు పట్టుకెళ్ళి అందులో తీసుకో ఫోటో!"

అని విసురుగా లేచి, దర్జీలిచ్చిన చొక్కాలు దులిపి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచుల్లో పెట్టడం మొదలెట్టింది. కూర్మయ్య తల తిప్పి ఆ సంచుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కలిపిన అన్నమంతా తినేసి, ఇంకొంచెం పెట్టమన్నాడు.

మర్నాడు ఇద్దరూ కూచుని సంచి తయారుచేశారు. మందపాటి సంచులు రెండు కలిపి, అంచులు వేడి ఇస్త్రీపెట్టెతో నారాయణమ్మే అతికింది. మొదటిది కాలింది, రెండోది కారింది, మూడోది నిలిచింది. కుళాయినీళ్ళలో పటిక తిప్పి తేర్చారు. ఆ నీళ్ళు నింపిన సంచిని కటకానికీ తీగచట్రానికీ మధ్య ఇరికించి కట్టారు, ఫ్లాషు వెలుగు కూడా అందులోంచే పోయేలాగ. స్తంభానికి అదిమితే సంచి బురదని పక్కకి తోసి తాను ఆనుకుంటుంది. ఇక కటకం ముందు ఉండేవి గంగనీళ్ళు కావు, ఇంట్లో కుళాయినీళ్ళు.

"ఇంజనీరు సదువుకుంటే నానే గొప్పదాన్నయ్యేదాన్ని" అంది నారాయణమ్మ. కాదనే ధైర్యం కూర్మయ్యకి లేదు.

సముద్రం నుంచి వచ్చే పోటు ఆగి, నీళ్ళు వెనక్కి తీసే పాటు మొదలయ్యేలోపు గంగ ఒక ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడుతుంది. డుబురీలు దిగేది అప్పుడే. కూర్మయ్య నీళ్ళ పైన, స్తంభం మీద రంగుతో వేసిన మూడో నంబరుకి మొదటి ఫోటో తీశాడు. తర్వాత ఎడమచెయ్యి స్తంభం మీద నుంచి తియ్యకుండా, దర్జీలు గుడ్డ కొలిచినట్టు ఒక్కో జానే కిందికి జరుగుతూ, జానకో ఫోటో తీసుకుంటూ దిగాడు. ఒకటి నంబరుకి, ముప్పై దారికి, మిగిలిన అయిదూ చిల్లుకి. ఆఖరిదాంట్లో తన వేళ్ళు కూడా చిల్లులో పెట్టి తీశాడు. తాడు మూడుసార్లు లాగాడు.

స్టూడియోలో పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. ఫిల్ము ఆరుముక్కలుగా కొయ్యడం వాళ్ళ పద్ధతి. "కత్తెర ముట్టుకున్నావంటే ఒప్పుకోను" అన్నాడు. కొయ్యని ఫిల్ము చుట్ట, ఫోటోల కవరు తీసుకుని, తడి ఆరని జుట్టుతోనే సాన్యాల్ బాబు బల్ల ముందు నిలబడ్డాడు. వెనక పోలిరాజు.

సాన్యాల్ బాబు చిల్లు ఫోటో చూశాడు. నోరు తెరిచినట్టున్న ఇనుము, ఎర్రటి అంచులు, అందులో నాలుగు వేళ్ళు. ముఖం పాలిపోయింది. కానీ భయం మనిషికి ఎక్కడలేని తెలివి ఇస్తుంది.

"ఇది మూడో నంబరే అని ఏమిటి నమ్మకం? ఏ పాత ఇనుమైనా ఇలాగే ఉంటుంది."

కూర్మయ్య ఫిల్ము చుట్ట విప్పి బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి పరిచాడు. "ఇది మూడో నంబరు. ఇక్కడనుంచి జానజాన దిగినాను. గుల్లలు సూడండి, ఈ ఫోటో అడుగున ఉన్నయ్యే దాని తర్వాత దాని పైన ఉన్నాయి. ఎక్కడా కొయ్యనేదు. ముప్పై ఒకటి దాటితే చిల్లు. ఇంకా నమ్మకం నేదంటే రండి బాబూ. నా మాస్కిస్తాను. తాడు పోలిరాజు పడతాడు. మీరే సెయ్యెట్టి సూడండి."

సాన్యాల్ బాబు కిటికీలోంచి నీళ్ళ వైపు చూశాడు. చూసి, టెలిఫోను తీసి క్రేను ఆపమని చెప్పాడు. మనుషుల్ని జెట్టీ దిగిపొమ్మన్నాడు. ఆ తర్వాత గొంతు సర్దుకుని, కాయితం ముందుకి లాక్కున్నాడు.

"మంచి పని చేశావు కూర్మదా. ఫోటో వల్ల చిల్లు బయటపడిందని రాస్తాను. కెమెరా ఇక్కడ ఆఫీసు స్టోర్లో అప్పగించు. ఇక మీదట ఎవరు దిగితే వాళ్ళకి ఇస్తాం."

"ఇవ్వను."

"ఏమిటి?"

"కెమెరా నాది, ఇవ్వను. అది కావాలంటే దాంతోపాటు నాను దిగుతాను. కుర్రాళ్ళు పైన తాడు పట్టుకుంటారు, నేర్చుకుంటారు. ఇంకోటి." కూర్మయ్య బల్ల మీదికి వంగి, కాయితం మీద మొదటి గీత దగ్గర వేలు పెట్టాడు. తుప్పు మరక అంటింది. "ఫోటో వల్ల బయటపడ్నేదు బాబూ. ముందు నా పేరు రాయండి. డుబురీ కూర్మయ్య సేత్తో సూసినాడు, సెప్పినాడు అని రాయండి. తారీకు కూడా ఎయ్యండి, నాను సెప్పిన తారీకు. తర్వాత ఫోటో అంటించండి."

"ఆ తారీకు వేస్తే ఈ మూడు వారాలూ నేనేం చేశానని పైవాళ్ళు అడుగుతారు కూర్మదా!"

"అడగాల కదా" అన్నాడు కూర్మయ్య.

పోలిరాజు ఊపిరి బిగబట్టాడు, నీళ్ళలో ఉన్నది తనే అన్నట్టు. సాన్యాల్ బాబు కాయితాన్ని చూశాడు, మరకని చూశాడు, కూర్మయ్యని చూశాడు. కలం తీసి రాశాడు. రాసింది చదవమన్నాడు కూర్మయ్య. ఆయన చదివాడు. మళ్ళీ చదవమన్నాడు. తారీకు దగ్గర గొంతు తగ్గితే, గట్టిగా చదవమన్నాడు.

సాయంత్రం నీళ్ళు మళ్ళీ నిలబడ్డాయి. నాలుగో నంబరు స్తంభం చూడాలి. కూర్మయ్య మాస్కు తగిలించుకుని మెట్ల మీద కూర్చున్నాడు. పోలిరాజు తాడు నడుముకి కట్టి, సంచితో సహా నల్ల కెమెరా అందించబోయాడు. ఒడ్డున సాన్యాల్ బాబు ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు, అడక్కుండానే వచ్చాడు.

"ఇది పట్టుకెళ్ళవేటి బావా?"

"అక్కడెట్టు. ముందు సెయ్యి సూసొస్తాది. దానికేటైనా దొరికితే అప్పుడు దీన్ని పిలుస్తాను" అని కూర్మయ్య కళ్ళు మూసుకుని నీళ్ళలోకి జారాడు.